స్పార్క్ ప్లగ్గులు ఇంట్లో మార్చడం: ఖరీదైన ప్లగ్గు కావాలా, మంచి రెంచి కావాలా?

నమస్కారం. బల్ల మీద ఏమున్నాయో ముందు చూపిస్తాను. ఎడమ వైపు మామూలు నికెల్ ప్లగ్గులు, వాటి పక్కన ఇరిడియం ప్లగ్గులు. ఇటు వైపు పనిముట్లు: ప్లగ్ సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్, రాచెట్, ప్లగ్గు మొన దగ్గరి సందును, అంటే గ్యాపును, కొలిచే గేజి, ఈ చివర ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచి. వీటిలో దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు అన్నదే ఈ రివ్యూ.

తీర్పు ముందే చెప్పేస్తాను. చివరి నిమిషం దాకా దాచి మిమ్మల్ని కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఏ ప్లగ్గు వేయాలి అని అందరూ తెగ వాదించుకుంటారు. ఆ ప్లగ్గును ఎంత బిగించాలి అని అడిగేవారు తక్కువ. ఇంట్లో ఈ పని చేసుకునేవారికి నష్టం వచ్చేది బిగింపు దగ్గరే. అందుకే నా ఓటు టార్క్ రెంచికి. ఎందుకో పని చేస్తూ చెబుతాను.

డీజిల్ బండి ఉన్నవారికి ఒక్క మాట: మీ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు. ఉండేవి గ్లో ప్లగ్గులు. వాటి పని వేరు, వాటిని విప్పే తీరూ వేరు.

సరే, ముందు ప్లగ్గులు. ఈ రెండింటినీ కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, మొనలు చూడండి. నికెల్ ప్లగ్గులో మధ్య ఎలక్ట్రోడు (స్పార్కు దూకే మొన ఉన్న కడ్డీ) మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఇరిడియం దాంట్లో అర మిల్లీమీటరు అటూ ఇటూ, గుండుసూది మొనలా ఉంది. మొన ఎంత సన్నగా ఉంటే స్పార్కు దూకడానికి అంత తక్కువ వోల్టేజీ సరిపోతుంది. కానీ నికెల్‌ను అంత సన్నగా చేస్తే నిలవదు, త్వరగా కరిగి అరిగిపోతుంది. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఇరిడియం కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి. అంత సన్నటి మొన అంతకాలం నిలబడే రహస్యం అదే.

మరి ఇరిడియం వేస్తే పికప్ పెరుగుతుందా, మైలేజీ పెరుగుతుందా? బాగా అరిగిపోయిన ప్లగ్గులు తీసి కొత్తవి ఏవి వేసినా బండి తేలికపడినట్టే ఉంటుంది. ఆ ఘనత కొత్తదనానిది. ఇరిడియం ఇచ్చేది ఆయుష్షు. కార్లలో నికెల్ ప్లగ్గులు సాధారణంగా 30,000 కిలోమీటర్ల ప్రాంతంలో మార్పుకు వస్తాయి, ఇరిడియం చాలా ఇంజన్లలో లక్ష కిలోమీటర్ల దాకా వెళ్తుంది. కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లోనే ఉంటుంది, దాన్నే నమ్మండి.

కాబట్టి నా లెక్క ఇది. మోటార్ సైకిల్‌లో ప్లగ్గు కంటికి కనబడేలా బయటే ఉందా, కంపెనీ కూడా నికెలే చెప్పిందా, అయితే హాయిగా నికెల్ వేసుకోండి. అదే అడ్డంగా అమర్చిన, రెండు వరుసల సిలిండర్లుండే వీ6 ఇంజన్ అనుకోండి, వెనక వరుస ప్లగ్గులు ఇంజన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఇరుక్కుని ఉంటాయి. అంతా విప్పి ఆ మూలకు చేరాక అక్కడ నికెల్ పెట్టి రావడం తెలివైన పని కాదు. ఇక కంపెనీ ఇరిడియం వాడమని చెప్పిన చోట నికెల్‌కు దిగకండి. మరో చిక్కు కూడా ఉంది. కొన్ని ఇంజన్లలో ఒకే కాయిల్ (ప్లగ్గుకు హై వోల్టేజీ పంపే భాగం) రెండు సిలిండర్లకు స్పార్కు ఇస్తుంది. ఆ జంటలో ఒక ప్లగ్గులో స్పార్కు ఎదురు దిశలో దూకుతుంది, అందువల్ల మధ్య మొనకు ఎదురుగా వంగి ఉండే పక్క ఎలక్ట్రోడు ఎక్కువగా అరుగుతుంది. అలాంటి బండికి రెండు ఎలక్ట్రోడ్లకూ ప్లాటినం లాంటి గట్టి లోహం ఉన్న ప్లగ్గే కావాలి.

డబ్బా మీద ఉండే హీట్ రేంజ్ అంకె గురించి కూడా చెప్పాలి. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు వేడిని త్వరగా వదిలేస్తుంది. బాష్ ప్లగ్గుల్లో సరిగ్గా దీనికి తలకిందులు. అందుకని ఒక కంపెనీ అంకెను పట్టుకెళ్లి ఇంకో కంపెనీ డబ్బా మీద వెతకకూడదు. ప్లగ్గు మొన సుమారు 450 డిగ్రీల పైన ఉంటేనే దాని మీది మసి కాలిపోతుంది. 850 డిగ్రీలు దాటితే స్పార్కు రాకముందే ఆ మొనే పెట్రోలుకు నిప్పు పెట్టేస్తుంది. ఆ మధ్యలో నిలిపే ప్లగ్గు ఏదో కంపెనీ ఎప్పుడో లెక్కగట్టింది, మనం ప్రయోగాలు చేయనక్కర్లేదు.

ఇక పనిలోకి దిగుదాం. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. చేయి కాలుతుందన్న భయం ఒక్కటే కాదు. ప్లగ్గు బిగుసుకునే సిలిండర్ హెడ్ చాలావరకు అల్యూమినియం, వేడి మీద ప్లగ్గు విప్పితే ఆ మెత్తటి మరలు ఒరిసి పాడవుతాయి. రాత్రి బండి ఆపి పొద్దున విప్పడం మంచి పద్ధతి.

కాయిల్ తీయాలంటే ముందు కనెక్టర్. దాని లాక్ నొక్కి పట్టుకుని కనెక్టర్‌నే లాగండి, వైరును కాదు. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, కాస్త మోటుగా నొక్కినా లాక్ విరుగుతుంది. కాయిల్ బోల్టు చాలా బండ్లలో 10 మిల్లీమీటర్ల పానాకు వస్తుంది. బోల్టు తీశాక కాయిల్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పి, రబ్బరు వదులైందని తెలిశాకే పైకి తీయండి. పాత తరహా ప్లగ్ వైర్లు ఉన్న బండి అయితే ఒక్కో సిలిండర్ పూర్తి చేశాకే రెండోదానికి వెళ్లండి. అప్పుడు వైర్లు తారుమారయ్యే ప్రశ్నే రాదు.

ఇప్పుడు కాయిల్ తీసిన గుంటలోకి టార్చి వేస్తున్నాను, చూడండి. ప్లగ్గు చుట్టూ ఇసుక రేణువులు, ఎండిన మట్టి పెళ్లలు. ఇప్పుడే ప్లగ్గు విప్పితే ఇవన్నీ నేరుగా సిలిండర్‌లోకి జారతాయి. అందుకే ముందు గాలి కొట్టాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ ఇసుక ఎగిరి వచ్చేది మీ ముఖం మీదికే. గుంటలో ఆయిల్ కనబడితే వాల్వ్ కవర్ దగ్గరి సీలు పోయిందని అర్థం. ఆ ఆయిల్ తుడిచాకే ప్లగ్గు మీద చేయి వేయండి.

సాకెట్ సంగతి. ఎక్కువ కార్లకు 16 మిల్లీమీటర్లది, పాత బండ్లకు 21 దగ్గరిది, కొన్ని కొత్త ఇంజన్లకు పన్నెండు మూలల 14 మిల్లీమీటర్లది కావాలి. లోపల రబ్బరు ఉన్నదీ, అయస్కాంతం ఉన్నదీ రెండు రకాలు దొరుకుతాయి. నాకు అయస్కాంతం నచ్చింది. రబ్బరుది పింగాణీని గట్టిగా పట్టేస్తుంది, కొత్త ప్లగ్గు బిగించి రాడ్ పైకి లాగితే సాకెట్ కిందే ఉండిపోయి రాడ్ ఒక్కటే చేతికొస్తుంది. తర్వాత ఆ గుంటలో సాకెట్ కోసం దేవులాడటం విసుగు పుట్టించే పని.

విప్పేటప్పుడు ప్లగ్గు మొండికేస్తే బలం చూపించకండి. కొద్దిగా వదులు చేసి, మళ్లీ కొద్దిగా బిగించి, మరల్లోకి తుప్పు వదిలించే ద్రావకం దిగనిచ్చి, మళ్లీ వదులు చేయండి. కొన్ని ఇంజన్లు దీనికే పేరుమోశాయి. 2004 నుంచి 2008 వరకు వచ్చిన ఫోర్డ్ 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వులుండే ఇంజన్‌లో ప్లగ్గు రెండు ముక్కలు కలిపి చేసినది. విప్పుతుంటే కింది ముక్క హెడ్‌లోనే ఉండిపోవడం అందరికీ తెలిసిన బాధ. అలాంటి బండి అయితే ఇంట్లో మొదలుపెట్టకండి.

ఈ మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. పాత ప్లగ్గులను ఏ సిలిండర్‌ది ఆ వరుసలోనే బల్ల మీద పేర్చండి. మొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగా వెళ్తోంది, లేదా బండి ఎప్పుడూ దగ్గరి దూరాలకే తిరుగుతూ ప్లగ్గు సరిగా వేడెక్కడం లేదు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా పాలిపోయి బొబ్బలు లేచినట్టు ఉంటే అతిగా వేడెక్కుతోంది. నాలుగు సిలిండర్ల ప్లగ్గులూ ఒకేలా ఉంటే ఒక కథ, ఒక్కటే తేడాగా ఉంటే ఇంకో కథ. మెకానిక్ దగ్గర మార్పిస్తే ఈ నాలుగూ చెత్తబుట్టలోకి వెళ్లిపోతాయి, మన కంటపడవు.

ఇదిగో, ఈ గోధుమ పట్టీ చూడండి. తెల్ల పింగాణీ మీద, ఇనుప అంచును ఆనుకుని ఉంది. కంప్రెషన్ లీకవుతోందని దీన్ని చూసి కంగారుపడేవారు చాలామంది. లీకు కాదు. హై వోల్టేజీ వల్ల ప్లగ్గు చుట్టూ గాలిలో ఉన్న ఆయిల్ తుంపరలు అక్కడికి ఆకర్షితమై అంటుకున్న మరక అది. ప్లగ్గు పనితీరుకు దానివల్ల ఏ లోటూ లేదు.

గ్యాపు చూద్దాం. చాలా ఇంజన్లకు 0.6 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కొత్త ప్లగ్గులు సెట్ చేసే వస్తాయి, అయినా ఒకసారి కొలవండి. బిళ్ల ఆకారపు గేజి చవకే, కానీ దాని అంచును సందులో తోసి జరుపుతుంటే సన్నటి ఇరిడియం మొన విరగవచ్చు. తీగల గేజి తీసుకోండి. సరిచేయాల్సి వస్తే పక్క ఎలక్ట్రోడునే వంచాలి, మధ్య మొనను ముట్టుకోకూడదు. చేతిలోంచి గట్టి నేల మీద పడిన ప్లగ్గును వాడకండి, పింగాణీలో కంటికి కనబడని పగులు ఉండవచ్చు.

ఇప్పుడు బిగింపు. రాచెట్ పక్కన పెట్టేయండి. సాకెట్, రాడ్, వేళ్లు, అంతే. ముందు ప్లగ్గును వెనక్కి తిప్పండి. మర గాడిలో పడినప్పుడు చిన్న టక్కు వేళ్లకు తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పాలి. అడుగు దాకా వేళ్లతోనే దిగాలి. మధ్యలో పట్టేస్తే మర తప్పినట్టే, వెంటనే వెనక్కి తీయండి.

అడుగుకు తాకాక టార్క్ రెంచి. వాషర్ (లోహపు రింగు) ఉన్న ప్లగ్గుకు, అల్యూమినియం హెడ్‌లో, 14 మిల్లీమీటర్ల మర అయితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు (బిగింపును కొలిచే ప్రమాణం). 12 మిల్లీమీటర్లది అయితే 15 నుంచి 20. మోటార్ సైకిళ్లలో ఎక్కువగా ఉండే 10 మిల్లీమీటర్లదానికి 10 నుంచి 12 చాలు. ఆ పన్నెండు అంటే చేతికి దాదాపు ఏమీ అనిపించదు, ఇంకో చుట్టు తిప్పాలనిపిస్తుంది. మర పోయేది ఆ చుట్టులోనే. అలాగని వదులుగా వదిలేస్తే అదీ ప్రమాదమే. ప్లగ్గు తన వేడిని హెడ్‌లోకి వదిలేది మరల గుండా, సీటు (ప్లగ్గు హెడ్‌కు ఆనే చోటు) గుండానే. ఆనుకోని ప్లగ్గు మాడిపోతుంది.

రెంచి లేదా? వాషర్ ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును వేళ్ల బిగింపు తర్వాత సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పాలి. వాషర్ లేని కోసు (శంకువు ఆకారపు) సీటు ప్లగ్గు అయితే చుట్టులో పదహారో వంతు మాత్రమే. ఇంత చిన్న తేడాను చేతి అంచనాకు వదిలేయడం నాకు ఇష్టం లేదు, రెంచికి ఓటు వేసింది అందుకే. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: చక్రాల నట్లకు వాడే పెద్ద రెంచి ఈ పనికి పనికిరాదు. దాని కొలత మొదలయ్యే చోటికి మన ప్లగ్గు బిగింపు అయిపోతుంది. 5 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య కొలిచేది తీసుకోండి, పని అయ్యాక అతి తక్కువ అంకెకు తిప్పి దాచండి. మరలకు గ్రీజు పూయమని కొందరు చెబుతారు. మెరుపు పూత ఉన్న ప్లగ్గులకు వద్దు, జారుడు పెరిగి రెంచి అదే అంకె చూపిస్తున్నా అసలు బిగింపు ఎక్కువైపోతుంది.

కాయిల్స్ పెట్టి, కనెక్టర్లు టక్కుమనే దాకా నొక్కి స్టార్ట్ చేయండి. ఇంజన్ మిస్సింగ్ కొడితే ముందు చూడాల్సింది సరిగా కూర్చోని కనెక్టర్. అది బాగానే ఉండీ, బండి లోపాల కోడ్‌లు చూపే స్కానర్‌లో పీ 0302 కోడ్ వస్తే రెండో సిలిండర్ మండడం లేదని. దాని కాయిల్ తీసి మూడోదానిలో పెట్టి, మూడోదానిది ఇక్కడ పెట్టి చూడండి. కోడ్ 0303కి మారితే తప్పు కాయిల్‌ది, మీరు వేసిన ప్లగ్గుది కాదు. రెండులోనే నిలిచిపోతే ఆ ప్లగ్గు విప్పి పింగాణీ, గ్యాపు మళ్లీ చూడండి. మర పోయిన హెడ్‌కు ఇన్సర్ట్ (కొత్త మర ముక్క) వేయడం ఇంకో వీడియోలో చూపిస్తాను. ఈలోగా మీ బండిలోంచి తీసిన పాత ప్లగ్గుల ఫొటోలు వరుస తప్పకుండా పెట్టండి, ఏ ఇంజన్, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా రాయండి. ఉంటానండి.