ధరలు దిగుతాయని ఆగుతున్నారా? నల్లగొండలో సొంతింటిపై చర్చ

(చర్చలో ఉన్నవారు: కిరాయి ఇంట్లో ఉంటున్న ఉపాధ్యాయురాలు, విశ్రాంత బ్యాంకు మేనేజర్, ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్, రిజిస్ట్రేషన్ పత్రాలు రాసే డాక్యుమెంట్ రైటర్.)

యాంకర్: నమస్కారం. "ఇప్పుడొద్దు, ఇంకో ఏడాది ఆగుదాం, రేట్లు దిగుతాయి" అనే మాట మన జిల్లాలో ఏ ఇంట్లో చూసినా వినబడుతోంది. ఆగినవాళ్లకు మేలు జరుగుతుందా? టీచర్ గారూ, మీరు ఆగుతున్నవాళ్లలో ఒకరు కాబట్టి మీతోనే మొదలుపెడదాం.

ఉపాధ్యాయురాలు: మేం రామగిరి వైపు కిరాయికి ఉంటున్నాం మేడం, నెలకు 10 వేలు. రెండు బెడ్‌రూంల ఇల్లు ఎక్కడ అడిగినా 40 లక్షలంటున్నారు. ఇంకోపక్క అందరూ మార్కెట్ పడిపోయింది, కొనేవాళ్లు లేరంటున్నారు. కొనేవాళ్లు లేకపోతే ధర దిగాలి కదా? ఆ ఆశతోనే ఆగాం. బంధువులు మాత్రం కనబడినప్పుడల్లా "ఇంకా కొనలేదా" అంటారు. ఆ టెన్షన్ వేరే.

యాంకర్: కొనేవాళ్లు లేకపోయినా ధర ఎందుకు దిగడం లేదు? బిల్డర్ గారు చెప్పాలి.

బిల్డర్: మన దగ్గర జాగ ఉన్నవాళ్లలో చాలామంది అప్పు చేసి కొన్నవాళ్లు కాదు మేడం. తాత ఇచ్చిందో, రిటైరైనప్పుడు వచ్చిన పైసలతో కొన్నదో ఉంటుంది. నెలనెలా కట్టాల్సిన కిస్తీ లేదు. అడిగిన ధర రాకపోతే తాళం వేసి కూర్చుంటారు. పెద్దనోట్ల రద్దప్పుడు చూశాం కదా, బేరాలు ఆగిపోయాయి కానీ "సగం ధరకు ఇస్తా, తీసుకో" అన్నవాళ్లు కనబడలేదు.

బ్యాంకు మేనేజర్: అమెరికాలో 2006 నుంచి 2012 దాకా ఇళ్ల ధరలు దేశం మొత్తం మీద పావు వంతుకు పైగా పడ్డాయి. అక్కడ అప్పులు కట్టలేక జనం ఇళ్లు వదులుకున్నారు, బ్యాంకులు వాటిని వచ్చినకాడికి అమ్మేశాయి. ఆ కథ విని మనవాళ్లు ఇక్కడా అట్లాగే జరుగుతుందని అనుకుంటారు. ధర అలా కుప్పకూలాలంటే అమ్మక తప్పని పరిస్థితి ఒకేసారి వేలమందికి రావాలి. నల్లగొండలో అమ్మేవాడికి ఆ తొందర లేదు.

ఉపాధ్యాయురాలు: అంటే ఎప్పటికీ తగ్గదా సార్?

బిల్డర్: సార్ కంటే ముందు నేనొక మాట చెప్తానమ్మా, నా వ్యాపారానికి నష్టమైనా సరే. చెప్పే ధర తగ్గదు, ఇచ్చే ధర తగ్గుతుంది. మాలో చాలామంది బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడతారు. 30 లక్షలు తెస్తే నెలకు 60 వేలు వడ్డీకే పోతుంది. రంగులేసి, గేటు పెట్టిన ఇల్లు ఆరు నెలలు ఖాళీగా ఉందనుకోండి, ఆ బిల్డర్‌కు రాత్రి నిద్ర పట్టదు. లోన్ మంజూరు కాగితం చేతిలో పెట్టుకుని, "నెల రోజుల్లో రిజిస్ట్రేషన్" అని మీరు అడిగితే 40 అన్నవాడు 37కు దిగొచ్చు. ఊరికే చూసిపోయేవాళ్లకు మాత్రం 40 అనే చెప్తాడు. ఆషాఢంలో, మూఢంలో అడిగితే బేరం ఇంకా బాగా కుదురుతుంది, అప్పుడు కొనేవాళ్లు గడప తొక్కరు కదా.

యాంకర్: పెళ్లి కోసమో, ఆసుపత్రి ఖర్చు కోసమో అమ్ముకునే వాళ్లూ ఉంటారు. ఎవరి కష్టం ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చోమని ఈ కార్యక్రమంలో మనం ఎవరికీ చెప్పకూడదు, అది నా ఉద్దేశం.

డాక్యుమెంట్ రైటర్: నిజం మేడం. అట్లాంటి అమ్మకం నా బల్ల ముందు జరిగినప్పుడు సంతకం పెట్టేవాళ్ల మొహం చూడలేం. ఆ ఇంటి అవసరాన్ని బట్టి పలికిన ధర అది. పక్కింటివాడు దాన్నే మార్కెట్ రేటు అనుకుని నాకూ అంతకే కావాలంటాడు.

యాంకర్: ఇక లెక్కలు. ఆగితే ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది?

బ్యాంకు మేనేజర్: చాలామంది కిరాయి దండగ అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. 30 లక్షల లోన్, 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం అనుకుందాం. నెలకు ఈఎంఐ దాదాపు 26 వేలు. మొదటి ఏడాది మీరు 3 లక్షల 12 వేలు కడితే, అందులో రెండున్నర లక్షలకు పైగా వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 60 వేలే. మీ కిరాయి ఏడాదికి 1 లక్షా 20 వేలు. అంటే ఆగినంతకాలం వడ్డీలో సగం కూడా ఖర్చు కావడం లేదు. అయితే ఇక్కడే ఒక ప్రశ్న అడగాలి, ఏమనుకోవద్దమ్మా. ఈఎంఐకి, కిరాయికి మధ్య తేడా 16 వేలు. ఆ 16 వేలు ప్రతి నెలా పక్కన పడుతున్నాయా?

ఉపాధ్యాయురాలు: మొదట్లో వేసేవాళ్లం సార్. తర్వాత పాప ఫీజులని, కారని...

బ్యాంకు మేనేజర్: మీ ఒక్కరి సంగతి కాదమ్మా, నా సర్వీసులో నా దగ్గరికి వచ్చిన సగం ఇళ్ల కథ ఇదే. ఆ తేడా మూడేళ్లు పోగైతే ఐదున్నర లక్షలు దాటుతుంది. ధర రూపాయి తగ్గకపోయినా మీ లోన్ అంత తగ్గినట్టే. పోగు చేయకుండా ఆగితే మాత్రం కిరాయీ పోతుంది, వయసూ పోతుంది. 45 ఏళ్లవాళ్లకు 20 ఏళ్ల లోన్ కావాలంటే రిటైర్మెంట్ అడ్డొస్తుంది, బ్యాంకు గడువు కుదిస్తుంది, ఈఎంఐ పెరుగుతుంది.

యాంకర్: వడ్డీ ఇంకా తగ్గాక తీసుకుందాం అనేవాళ్లూ ఉన్నారు.

బ్యాంకు మేనేజర్: దానికి ఆగక్కర్లేదు. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 2023 ఫిబ్రవరికి ఆరున్నరకు ఎక్కింది. 2025లో మళ్లీ దించుతూ డిసెంబరుకు 5.25కు తెచ్చారు. దాన్ని బట్టి మారే ఫ్లోటింగ్ రేటు లోన్ తీసుకున్నవాళ్లకు ఎక్కడమూ, దిగడమూ రెండూ తగులుతాయి. ముందే తీర్చేస్తే జరిమానా కూడా ఉండదు. పైగా ఒక శాతం తగ్గినా 30 లక్షల మీద నెలకు 1,900 దాకానే తేడా. మనవాళ్లు అసలు మర్చిపోయే ఖర్చు వేరే ఉంది. 40 లక్షల ఇంటికి 30 లక్షలు లోన్ వస్తే మిగతా 10 లక్షలు మీవే. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు, అదీ మీ చేతి నుంచే.

డాక్యుమెంట్ రైటర్: అన్నీ కలిపి ఏడున్నర శాతం మేడం. 40 లక్షలకు 3 లక్షలు. 2021 జూలైకి ముందు 6 శాతమే ఉండేది, అంటే అదే ఇంటికి 2 లక్షల 40 వేలు. అప్పుడు "కొన్ని రోజులు ఆగుదాం" అనుకున్నవాళ్లకు 60 వేలు అదనంగా పడ్డాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు లెక్కగట్టే ప్రభుత్వ మార్కెట్ విలువలు కూడా అప్పుడే పెంచారు, 2022 ఫిబ్రవరిలో మళ్లీ పెంచారు.

యాంకర్: మరి తక్కువకు దొరికిందని కొన్నవాళ్ల అనుభవం ఏమిటి?

డాక్యుమెంట్ రైటర్: ఈ మాట అడుగుతారనే చూస్తున్నా. ధర తగ్గాలని చాలాకాలం ఎదురుచూసినవాళ్లకు ఎవరైనా చవగ్గా చెప్పగానే ప్రాణం లేచొస్తుంది. కాగితం సరిగా చూడరు. ఒకాయన ప్లాటు కాగితాలు తెచ్చాడు. "ఉత్తరాన 30 అడుగుల రోడ్డు" అని ఉంది. నేలమీదకు పోయి చూస్తే ఉత్తరాన ఉన్నది కాలువ. రోడ్డు వెంచర్ మ్యాపులోనే ఉంది. ఊరి చుట్టూ చెరువులున్నాయి మేడం, చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూమిలో, పడ్డ ప్లాటు గజం చవగ్గానే వస్తుంది, ఇంటి పర్మిషన్ మాత్రం రాదు. అనుమతి లేని లేఅవుట్ అయితే ప్లాటును క్రమబద్ధం చేసుకునే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కట్టారో లేదో అడగాలి. దరఖాస్తు పెట్టిన రసీదు చూపించి "అయిపోయింది" అంటారు. రసీదు వేరు, క్రమబద్ధం చేసినట్టు ఇచ్చే ప్రొసీడింగ్స్ వేరు.

ఉపాధ్యాయురాలు: అన్నా, మరి "ఇక్కడికి రింగు రోడ్డు వస్తది, ఇప్పుడే కొనండి" అని ఫోన్లు చేస్తున్నారు కదా?

డాక్యుమెంట్ రైటర్: రీజినల్ రింగ్ రోడ్డు మన జిల్లా కేంద్రానికి దూరంగా, చౌటుప్పల్ మీదుగా పోతుంది మేడం. ఆ పేరు చెప్పి దేవరకొండ రోడ్డులో ప్లాటు అమ్మితే మీకు ఒరిగేదేం లేదు. ఉండటానికి కొనేవాళ్లు బడి ఎంత దూరం, మంచినీళ్లు వస్తాయా, వానకు వీధిలో నీళ్లు నిలుస్తాయా అన్నవి చూసుకోవాలి.

బిల్డర్: అది కరెక్టే. ఇల్లు ఎండాకాలంలో కాదు, పెద్ద వాన పడ్డ మర్నాడు పోయి చూడండి. స్లాబ్ కింద తేమ మచ్చ ఉంటే ఆ రోజే కనబడుతుంది. కొత్త రంగు వేసి అమ్మే ఇంట్లో అయితే మరీ ముఖ్యం.

యాంకర్: నా అభిప్రాయం చెప్తాను. రేట్లు పడతాయని పేపర్ చూస్తూ ఆగడం ఒకటి, పైసలు పోగేస్తూ, లోన్ ఎంత వస్తుందో తెలుసుకుంటూ, నెలకు రెండు ఇళ్లు చూస్తూ ఆగడం ఒకటి. మొదటిదాన్ని మానుకోండి. రెండో పద్ధతిలో రెండేళ్లు ఆగినా నష్టం లేదు, ఎవరి మాటలకూ భయపడకండి. మిర్యాలగూడ నుంచి ఒక కాలర్ ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడం. ఇల్లు నచ్చింది, 38కి ఒప్పుకున్నారు. రేపే 5 లక్షలు నగదు బయానా ఇమ్మంటున్నారు. ఇవ్వాలా?

డాక్యుమెంట్ రైటర్: రేపు ఇవ్వొద్దు తమ్ముడూ. ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం, తీయించు, 30 ఏళ్లది. లింకు డాక్యుమెంట్ల, అంటే ఇదివరకటి అమ్మకం పత్రాల, జిరాక్సులు అడిగి బ్యాంకు లాయర్‌కు చూపించు. ఆస్తి అమ్మేటప్పుడు 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం ఒప్పుకోదు, కాబట్టి చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ. అది కూడా 5 లక్షలెందుకు? 50 వేలతో అగ్రిమెంటు రాసుకో. "లోన్ రాకపోయినా, కాగితాల్లో లోపం తేలినా బయానా తిరిగి ఇవ్వాలి" అన్న వాక్యం అందులో తప్పకుండా ఉండాలి. ఆ వాక్యానికి ఆయన ఒప్పుకోకపోతే నాకు చెప్పు, ఎందుకు ఒప్పుకోడో ఆ కాగితాల్లోనే దొరుకుతుంది.

కాలర్: ఆయన తొందరపెడుతున్నాడన్నా, వేరే పార్టీ ఉందంటున్నాడు.

బిల్డర్: ఆ వేరే పార్టీ మాట మేమందరం చెప్తాం తమ్ముడూ. వారం ఆగు.