పందిరిలో మొదటి చోటు అనపకు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, సెలవుల్లో ఉండి కూడా ఓపికగా వచ్చిన పిల్లలకు నమస్కారం. కాలనీ సంఘం వారు నాకిచ్చిన అంశం ‘ఈ కాలానికి పెరటి తోట ప్రణాళిక’. ప్రణాళిక తప్పకుండా చెబుతాను. అయితే ఒక విత్తనం గురించి, చిక్కుడు జాతికి చెందిన అనప గురించి కూడా చెప్పాలి. నిజానికి అది చెప్పడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

ఇప్పుడు రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఈ ఎండలో ఎవరూ గింజ పెట్టకండి. పెరడున్నవాళ్లు పాదులు తవ్వుకోండి, ఒకటిన్నర అడుగు లోతు. తవ్విన మట్టిని వారం పది రోజులు ఎండనివ్వండి, పురుగుల గుడ్లు, తెగుళ్లు కొంతైనా చస్తాయి. మనది ఎర్రమట్టి, ఇసుక పాలు ఎక్కువ, పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది. అందుకే బాగా మాగిన పశువుల ఎరువు ధారాళంగా కలపండి, గుప్పెడు వేపపిండి వేయండి. పైన కప్పడానికి నూనె మిల్లుల దగ్గర దొరికే వేరుశనగ తొక్కలు తెచ్చుకోండి. మన జిల్లాలో వాటికి కొరత లేదు. మిద్దె మీద పెంచేవాళ్లకు ఒక్క హెచ్చరిక. ఒక ఘనపు అడుగు తడి మట్టి 45 కిలోలకు తక్కువ ఉండదు. పెద్ద తొట్లు మిద్దె నడిమధ్య పెట్టకండి, గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టండి.

ఇక కాలం సంగతి. దీని మీద నాకు చాలా కోపం ఉంది. విత్తన పొట్లాలతో పాటు రంగు రంగుల పట్టికలు ఇస్తున్నారు. జూన్‌లో విత్తండి, సెప్టెంబరుతో వానలు ముగుస్తాయి, అక్టోబరు నుంచి ఆకుకూరలు చల్లుకోండి అని రాసి ఉంటుంది. ఏ ఊరి వాన చూసి రాశారు అది? తిరుపతిలో సెప్టెంబరుతో వాన ముగుస్తుందా? మనకు అసలు వాన అక్టోబరులో కదా మొదలయ్యేది! ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది. 2021 నవంబరులో మన వీధులు వాగులైన సంగతి ఈ సభలో ఎవరూ మరిచిపోయి ఉండరు. ఆ నెలలో చల్లిన కొత్తిమీర ఎక్కడ నిలుస్తుంది? మెంతికూర మొలక కుళ్లిపోతుంది. పట్టిక నమ్మి చల్లిన పిల్ల, ‘నా చేయి మంచిది కాదు ఆంటీ’ అని నా దగ్గర ఏడ్చింది. ఆ పిల్ల చేయి బంగారం. తప్పంతా పట్టికది.

కాబట్టి మన లెక్క పెద్ద వానలు పడే కార్తీక మాసం నుంచి వెనక్కి వేసుకోవాలి. మృగశిర, ఆరుద్రలో మట్టి బాగా నానే వాన ఒకటి రెండు పడ్డాక సొర, బీర, కాకర, పొట్ల పాదులు పెట్టండి. బెండ, గోరుచిక్కుడు, గోంగూర కూడా అప్పుడే. ఇవన్నీ పెద్ద వానలకు ముందే కాపుకొస్తాయి. వంగ, టమోటా, మిరప నారు జూలై, ఆగస్టులో పోసుకోండి. టమోటా నారు 25 నుంచి 30 రోజులకు నాటుకు వస్తుంది, మిరపకు ఇంకో పది రోజులు పడుతుంది. నాటే మడి నేల మట్టానికి ముప్పావు అడుగు ఎత్తున ఉండాలి, లేకపోతే నవంబరు నీరు వేళ్ల దగ్గర నిలిచి మొక్క వాడిపోతుంది. 2023లో టమోటా కిలో 100 రూపాయలు దాటగానే అందరూ టమోటా మీద పడ్డారు. మండు వేసవిలో కూడా నాటారు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా అంతే. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి వానలు వెనకబట్టాక డిసెంబరు చివర చల్లితే మాఘం దాకా తినవచ్చు.

నీళ్ల గురించి పెద్దగా చెప్పను. కల్యాణి డ్యాము నీరు, తెలుగుగంగ నీరు తాగడానికి తెచ్చుకుంటున్నాం. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు మొక్కకు పోయండి.

ఇప్పుడు విత్తనం. మీలో ఎంతమంది ఇళ్లలో అనప గింజలున్నాయి? తినడానికి కొన్నవి కాదు, విత్తడానికి దాచుకున్నవి. చేతులెత్తండి. ఇంత పెద్ద సభలో రెండే చేతులు. నానిన అనప గింజల తొక్క పితికి తీసిన పప్పు, ఆ పితికిన పప్పు తినని ఇళ్లు ఎన్ని? ఒక్కటీ ఉండదు. సంక్రాంతి వస్తే రాగి సంగటిలోకి పితికిన పప్పు లేకుండా మన ప్రాంతంలో పండగ జరుగుతుందా?

మా పుట్టినిల్లు చంద్రగిరి దగ్గర ఒక పల్లె. వేరుశనగ చేలో సాళ్ల మధ్య కంది, అనప వేసేవారు. పెరట్లో పందిరి మీద మాత్రం మా అమ్మ వేరే తీగ అనప పెంచేది. కాయ పొడుగ్గా ఉండేది, తుంచితే వేళ్లకు జిడ్డు, ఆ వాసన మధ్యాహ్నం దాకా చేతికి అంటుకునే ఉండేది. మంచు పడితేనే ఆ వాసన వస్తుందని అమ్మ అనేది. గింజలకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి, కుండలో బూడిద కలిపి, మూతికి వేపాకు కుక్కి అటక మీద పెట్టేది. పక్కన పొట్ల గింజల కుండ ఉండేది. సొరకాయనైతే కాయగానే ఎండబెట్టి వంటింటి వాసానికి వేలాడదీసేది.

అమ్మ పోయాక ఇల్లు అమ్మేశారు. ఇత్తడి సామాను పంచుకోవడానికి బంధువులంతా వచ్చారు. కుండలు మాత్రం దిబ్బ మీదికి పోయాయి. ‘ఏవో పాత గింజలు, పురుగు పట్టి ఉంటాయి’ అన్నారట. నేను వెళ్లేసరికి అటక ఊడ్చేసి ఉంది. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఆ పొట్ల మళ్లీ దొరకలేదు. తెల్లగా, ఆకుపచ్చ చారలతో, మూరెడు దాటని కాయ. ఎన్ని సంతలు తిరిగానో! అనప మాత్రం దొరికింది. ఎలా దొరికింది? అమ్మ అనప గింజలు అడిగిన వాళ్లందరికీ దోసెడు దోసెడు పోసేది. వెనక వీధి అత్త ఆ గింజనే ఏటా పెట్టుకుంటూ వచ్చింది. నేను అడగగానే కుండ దించి నా కొంగులో పోసింది. పొట్ల ఎవరూ అడగలేదు, అమ్మా ఇవ్వలేదు. పంచిన గింజ బతికింది, దాచిన గింజ పోయింది. ఇంతకంటే నేను ఏ వేదిక మీదా చెప్పగలిగింది లేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఇంకొంచెం సేపు ఓర్చుకోండి, అసలు పని ఇదే.

హైబ్రిడ్ పొట్లం కొనవద్దని నేను అనను. కానీ దాని కాయ నుంచి తీసిన గింజ పెడితే తల్లి గుణం రాదు, మళ్లీ అంగడికే పోవాలి. నాటు అనప, నాటు టమోటా అలా కాదు. వాటి పువ్వు చాలా వరకు తనలోనే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి గింజ మారదు, కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటితో మొదలుపెట్టండి. సొర, బీరలది వేరే పద్ధతి. ‘పిందె పడుతుంది, పసుపెక్కి రాలిపోతుంది, ఏ మందు కొట్టమంటారు’ అని ఫోన్లు వస్తుంటాయి. మందు అక్కర్లేదు. మూడో అంతస్తు మిద్దెకు పుప్పొడి మోసే పురుగులు రావడం లేదు, అంతే. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున. అడుగున చిన్న పిందె ఉన్నది ఆడ పువ్వు. మగ పువ్వు తెంచి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో అద్దండి. విత్తనం కోసమైతే విచ్చుకోకముందే రెండు మొగ్గలకూ దారం కట్టి, విచ్చుకునే వేళకు అద్ది, ఆడ పువ్వుకు మళ్లీ దారం కట్టేయండి. పక్కింటి రకం కలవదు.

అనప ఆషాఢ, శ్రావణాల్లో పెట్టాలి. పాత తీగ రకం పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఆశ్వయుజం దాకా ఆకులే చూసి కంగారుపడి పీకేయకండి. ఎరువు ఎక్కువ వేస్తే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. అందుకే పందిరి గీసుకునేటప్పుడే దానికి ఒక మూల వదలండి, ఆ మూలకు బీరను రానివ్వకండి.

గుమ్మం దగ్గర బల్ల మీద కాగితం పొట్లాలున్నాయి. ఒక్కోదానిలో పది అనప గింజలు. డబ్బు వద్దు. పుస్తకంలో పేరు, వీధి రాసి తీసుకువెళ్లండి. ఒక అంగుళం లోతున, పాదుకు మూడు గింజలు. మొదటి కాపులో బాగా కాసిన తీగ మీద పది కాయలు కోయకుండా వదిలి, తీగ మీదే ఎండనివ్వండి. మాఘంలో ఇరవై గింజలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాలి, మరో పది మీ వీధిలోనే ఎవరికైనా ఇవ్వాలి. ఇక పొట్ల సంగతి. తెల్లటి ఒళ్లు, ఆకుపచ్చ చారలు, మూరెడు కాయ. మీ పల్లెల్లో, మీ అత్తగారి ఊళ్లలో ఎవరి పెరట్లోనైనా కనిపిస్తే ఆ పుస్తకం చివరి పేజీలో ఊరి పేరు రాయండి. ఎంత దూరమైనా నేనే వెళ్లి అడుగుతాను.