ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని ధీమాగా ఉండే ముందు

కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. ఎండలు ముదిరేలోపు ఈ విషయం మాట్లాడాలని నేనే సంఘం వాళ్లను అడిగాను. వెంటనే ఒప్పుకున్నందుకు వాళ్లకు కృతజ్ఞతలు.

మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఏం కాదులే, ఫ్రిజ్‌లోనే పెట్టాం కదా!" ఈ ధీమా గురించే నా దిగులు. చలికి క్రిములు చావవు, మందగిస్తాయి అంతే. మన వేసవి వేడిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగల బాక్టీరియా 4 డిగ్రీల దగ్గర చాలా నెమ్మదిస్తుంది. ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర పెరగడం ఆగిపోతుంది గానీ, బయటికి తీసి కరగనిస్తే మళ్లీ మొదలవుతుంది. లోపల పెట్టేటప్పటికే పాడవడం మొదలైన కూరను ఏ ఫ్రిజ్జూ బాగుచేయలేదు. లిస్టీరియా అనే బాక్టీరియా అయితే ఆ చలిలో కూడా పెరుగుతూనే ఉంటుంది. గర్భిణులకు అది సోకితే కడుపులో బిడ్డకే ముప్పు. ఇంట్లో గర్భిణి ఉంటే నిల్వ కూరను పొగలు వచ్చేదాకా కాచి పెట్టండి.

అన్నం గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను, రోజూ మనం తినేది అదే కాబట్టి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. మధ్యాహ్నం వండిన అన్నం రాత్రి దాకా పొయ్యి గట్టు మీదే ఉంటే ఆ బీజాలు మేల్కొని, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మనమేమో పడుకునే ముందు ఆ గిన్నెను ఫ్రిజ్‌లోకి తోసి, పొద్దున్నే దాంతో పులిహోరో ఫ్రైడ్ రైసో చేసి పిల్లల బాక్సుల్లో సర్దుతాం. పిల్లాడికి వాంతులైతే ఎండదెబ్బ అనుకుంటాం.

మిగిలిన అన్నాన్ని భోజనాలు కాగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోయాక మూత ఉన్న డబ్బాలో లోపల పెట్టాలి. వండాక రెండు గంటలు దాటకూడదు. మే నెలలో మన వంటిళ్లు ఎంత వేడిగా ఉంటాయో మీకు తెలుసు, అప్పుడు గంటే గడువు. మర్నాటికల్లా తినేయాలి. వేడిగా పెడితే ఫ్రిజ్ పాడవదా అని అడుగుతారు. పొగలు కక్కే పెద్ద గిన్నె పెడితే లోపలి చలి తగ్గి పక్కనున్న పాలకూ చేటే, నిజమే. అలాగని గంటలకొద్దీ బయట వదిలేయకూడదు. చిన్న గిన్నెల్లోకి తీస్తే త్వరగా చల్లారుతుంది. పప్పుకైనా, సాంబారుకైనా, మాంసం కూరకైనా ఇదే లెక్క.

పచ్చి మాంసం, చేపలు మూత ఉన్న డబ్బాలో అన్నిటికంటే కింది అరలో ఉండాలి, వాటి నీరు కారి పెరుగులో పడకూడదు. పాలు తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా వేడి గాలి తగిలేది అక్కడే. ఆవకాయ గురించి బెంగ అక్కర్లేదు. తడి తగలకపోతే ఉప్పు, పులుపు, నూనె దాన్ని కాపాడతాయి.

ఫ్రిజ్‌లో చలిని మార్చే నాబ్ మీద కనిపించే అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. చిన్న థర్మామీటర్ కొని, మధ్య అరలో గ్లాసుడు నీళ్లలో రాత్రంతా ఉంచి చూడండి. 4 డిగ్రీలు దాటకూడదు. దాటితే చలి పెంచండి, అయినా తగ్గకపోతే తలుపు రబ్బరు వదులైందేమో చూడండి. కరెంటు పోయినప్పుడు మాటిమాటికీ తలుపు తీయొద్దు. మూసి ఉంచితే సుమారు నాలుగు గంటలు చలి నిలుస్తుంది. ఆ తర్వాత పాలు, మాంసం, వండిన కూరల విషయంలో వాసన బాగానే ఉందని మోసపోకండి. జబ్బు తెచ్చే క్రిములు ఉన్నా వాసన మారకపోవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం. కంప్రెసర్ లోపల తీగ పూత పాడైనా, వెనక వైరును ఎలుక కొరికినా ఫ్రిజ్ ఇనుప బాడీకి కరెంటు పాకుతుంది. ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే తడి చేత్తో, చెప్పుల్లేని కాళ్లతో తలుపు పట్టుకున్న మనిషి గుండా పోతుంది. సెలవుల్లో చల్లనీళ్ల కోసం పదేపదే తలుపు తీసేది పిల్లలే. ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను ఉన్నది ఇందుకే. దాన్ని తీసేయడం, టూ పిన్ సాకెట్‌లో ఇరికించడం, ఎక్స్‌టెన్షన్ బాక్సులో మిక్సీతో కలిపి పెట్టడం దయచేసి మానండి. గోడలో మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ వైరే లేని ఇళ్లున్నాయి. ఎలక్ట్రీషియన్ చేత చూపించి, వీలైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించండి. కరెంటు లీకైతే రెప్పపాటులో ఆపేస్తుంది. "కొంచెం జిమ్మంటోంది" అని చెప్పులేసుకుని తలుపు తీసే వాళ్లను చూశాను. జిమ్మన్న క్షణమే ఫ్రిజ్‌ను ముట్టుకోకుండా మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లబరచడానికి గొట్టాల్లో ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. వెనక లేబుల్ మీద ఆర్600ఎ అని ఉంటుంది. అది మండే గ్యాసు. ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు గడ్డను కత్తితో పొడిస్తే ఆ గొట్టానికి చిల్లు పడొచ్చు. స్విచ్ ఆపి, కరగనిచ్చి తుడవండి. పొరపాటున చిల్లు పడితే కిటికీలు తీయండి, స్విచ్చుల జోలికి, అగ్గిపెట్టె జోలికి పోకండి.

చివరగా పాత ఫ్రిజ్‌లు. ఒకప్పుడు వాటికి గొళ్లెం ఉండేది. దాగుడుమూతల్లో లోపల దూరిన పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోతుంటే, లోపలి నుంచీ తెరుచుకునేలా చేయాలని అమెరికాలో 1956లో చట్టమే తెచ్చారు. అయస్కాంతం తలుపులు వచ్చాక ముప్పు తగ్గింది గానీ, డాబా మీద పడేసిన ఫ్రిజ్‌లో పసివాడు దూరితే ఆ తలుపును నెట్టగలడని నేను నమ్మను. అమ్మేదాకా ఉంచాల్సి వస్తే తలుపు ఊడదీసి ఉంచండి. ఇలాంటివి ఈ వీధిలో ఎక్కడైనా ఉంటే ఇవాళే చెప్పండి, సాయంత్రం అందరం కలిసి తీయిద్దాం. ఎర్తింగ్ చూడటానికి ఎలక్ట్రీషియన్ కూడా ఇక్కడే ఉన్నారు, వెళ్లేలోపు ఆయన దగ్గర మీ ఇంటి నంబరు రాయించండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.