పోర్ట్‌లాండ్ దగ్గర మన గెడ్డలాంటి జలపాతం: ఫాల్స్ క్రీక్ ఫాల్స్

అందరికీ నమస్కారమండి. శ్రీకాకుళం నుంచి పిల్లల దగ్గరికొచ్చే పెద్దవాళ్లు "మోకాళ్లు పట్టేయకుండా చూసొచ్చే జలపాతం ఏదైనా ఉందా" అని అడుగుతూనే ఉన్నారు. ఈ వీడియో వాళ్ల కోసం.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వచ్చినవాళ్లందరూ మల్ట్‌నోమా జలపాతం చూస్తారు. 620 అడుగులు, చూడాల్సిందే. కానీ జనం జాతరలా ఉంటారు. కొలంబియా నది దాటి వాషింగ్టన్ రాష్ట్రం వైపు వస్తే గిఫర్డ్ పిన్‌షో జాతీయ అడవిలో ఫాల్స్ క్రీక్ ఫాల్స్ ఉంది. కారులో గంటన్నర దూరం. క్రీక్ అంటే మన గెడ్డే. మిగతా ఆంధ్రాలో వాగు అంటారు గానీ, మన చెవికి గెడ్డ అంటేనే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. సీతంపేట కొండల్లో వానాకాలం వినే చప్పుడు అదే.

కార్సన్ అనే చిన్న ఊళ్లో ఆగి పెట్రోలు, బాత్‌రూము పనులు చూసుకోండి. ఊరు దాటి విండ్ రివర్ రోడ్డెక్కాక ఫోన్ సిగ్నల్ పోతుంది. మ్యాప్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. చివర్లో కంకర రోడ్డు, గోతులుంటాయి. చిన్న కారైనా మెల్లగా పోనిస్తే సరిపోతుంది. చలికాలంలో ఆ రోడ్డు గేటు మూసేస్తారు.

ఇక్కడ టికెట్లిచ్చే మనిషి ఉండడు. పాసు మనమే ముందుగా కొని కారు అద్దం దగ్గర కనిపించేలా పెట్టాలి. జాతీయ అడవుల్లో ఫీజు బోర్డు ఉన్నచోట నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి. రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30. చాలామంది డిస్కవర్ పాస్ కొనేసి వస్తారు. అది రాష్ట్ర పార్కులది, ఇక్కడ పనికిరాదు. ఏడాదిలో ఆరుసార్లకు మించి తిరిగేవాళ్లకి ఏడాది పాసే లాభం.

ఇంక నడక. రెండు దారులున్నాయి, కింది దారి పట్టుకోండి. వెళ్లడానికి 1.7 మైళ్లు, అంటే 2.7 కిలోమీటర్లు. రానూపోనూ 5.5. ఎక్కుడు సుమారు 200 మీటర్లు. పెద్దవాళ్లకి పైకి గంటా పావు వేసుకోండి. మొదట్లోనే ఇరుకు లోయ మీద చిన్న వంతెన వస్తుంది, కింద గెడ్డ నురగలు కక్కుతుంటుంది. ఆ తర్వాత డగ్లస్ ఫర్ చెట్లు, నాచు పట్టిన మేపుల్ కొమ్మలు, మోకాలెత్తు ఫెర్న్ మొక్కలు. ఒక ఫెర్న్ ఆకు తిప్పి చూడండి, అడుగున గోధుమరంగు చుక్కలు రెండు వరసల్లో కుట్టినట్టుంటాయి.

చెప్పులు మాత్రం వద్దు. చాలామంది జారేది దారిలో కాదు, చివర్లో. ఫొటో కోసం తడిరాళ్ల మీదికి దిగుతారు, ఆ నాచు సబ్బులా ఉంటుంది. గాడులున్న బూట్లు, ఒక చేతికర్ర ఉంటే దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. చీర కట్టుకునే పెద్దమ్మలకి పంజాబీ డ్రస్సు సుఖం.

జలపాతం మూడు అంచెలు, మొత్తం 335 అడుగులు. కింద నిలబడితే పై అంచె సరిగా కనిపించదు, రెండే నిండుగా కనిపిస్తాయి. తుంపర దూరం నుంచే తగులుతుంది, ఫోన్ లెన్స్ తుడవడానికి పాత నూలుగుడ్డ తెచ్చుకోండి. మే, జూన్‌లలో మంచు కరిగిన నీళ్లతో ఉరకలేస్తుంది, ఆగస్టు చివరికి పలచబడుతుంది. ఎంత తేటగా ఉన్నా తాగకండి, జియార్డియా అనే క్రిమి వల్ల వారాల తరబడి విరేచనాలవుతాయి. మనిషికి లీటరు నీళ్లు చొప్పున మోసుకెళ్లాల్సిందే.

పైన టీకొట్టు లేదు, మొక్కజొన్నపొత్తులు కాల్చేవాళ్లు లేరు. నాకు అదొక్కటే వెలితి. పులిహోర, ఫ్లాస్కులో టీ తీసుకెళ్లండి. కమలా తొక్కలు, వేరుశనగ పొట్టు కూడా కవర్లో వేసి వెనక్కి తెచ్చేయాలి. మట్టిలో కలిసేవే కదా అని పారేయకండి, ఈ చలికి నెలలు పడుతుంది.

కార్లో పాస్‌పోర్టు, హ్యాండ్‌బ్యాగు కనిపించేలా వదలకండి. ఇలాంటి పార్కింగుల్లో అద్దాలు పగలగొడతారు.

తిరిగి కార్సన్ చేరేసరికి సిగ్నల్ వస్తుంది. వేసవిలో ఇక్కడ సాయంత్రం 4 అంటే మన ఊళ్లో తెల్లవారుజాము 4.30. ఇంకో రెండు గంటలాగి ఫొటోలు పంపండి, అమ్మ కాఫీ పెట్టుకునే వేళకి అందుతాయి.