ఏరు రాని చోట వరద ఎలా వస్తుంది?

సభకు నమస్కారం. ‘వరద – అర్థం, వాడుక’ అన్నది నాకు అప్పగించిన అంశం. ఆ మాట గురించే మాట్లాడతాను గాని, దాని చాటున మరుగున పడిపోతున్న ‘ముంపు’ అనే మాట కోసమే నేను ఈ సభకు ఒప్పుకున్నాను.

వరద ఏటికి చెందిన మాట. పాత నిఘంటువులలో అది శకటరేఫంతో, అంటే సంస్కృతంలో లేని ‘ఱ’ అక్షరంతో, ‘వఱద’గా కనిపిస్తుంది కనుక, వరమిచ్చే సంస్కృత ‘వరద’తో దానికి చుట్టరికం లేదు. ఎగువన కురిసిన వాన కలిసి ఏరు పొంగి వస్తే అది వరద. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. కడలి మీద పడితే మాత్రం మనవారు వరద అనలేదు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టినది ఉప్పెన.

ఇక ముంపు. పెంచు నుంచి పెంపు, తెంచు నుంచి తెంపు వచ్చినట్లే ముంచు నుంచి ముంపు వచ్చింది. మునిగితే మునక, ముంచితే ముంపు. అంటే ముంచినది ఏమిటన్న ప్రశ్న ఆ మాటలోనే ఉన్నది. జలాశయాల విషయంలో మనం దీనిని సరిగానే వాడుతున్నాం. పోలవరం ముంపు మండలాలు అంటాం, వరద మండలాలు అనం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఒక వానాకాలం మా వీధిలో నడుము లోతు నీరు మూడు రోజులు నిలిచింది. ఏరు మా దరిదాపులలో లేదు. మురుగుకాలువ మీద కట్టిన గోడ ఉన్నది. పరిహారం దరఖాస్తులో నేను ‘ముంపు’ అని రాస్తే, తీసుకున్న ఉద్యోగి దానిని కొట్టివేసి ‘వరద’ అని దిద్దాడు. నెల తరువాత జవాబు వచ్చింది: ఆ తేదీలలో నదికి వరద నమోదు కాలేదు కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది. నేను రాయని మాటకు నాకు జవాబిచ్చారు! గోడ ఊసు ఎక్కడా లేదు.

సమయం మించిందని చీటీ వచ్చింది. ‘ప్రశంసల వెల్లువ’ గురించి చెప్పదలచినది వదిలివేస్తాను. సభలో విలేఖరులు ఉన్నారు. అయ్యా, అమ్మా, ఏరు రాని వీధిలో నీరు నిలిచిన రోజున దయచేసి ముంపు అని రాయండి. ముంచినది ఏమిటో పక్క వాక్యంలోనే రాయండి.