టీ.నగర్‌లో పార్కింగ్ స్థలం: ఐదంతస్తులా, ఇరవయ్యా?

నమస్తే అండీ, చెన్నై టీ.నగర్ నుంచి మాట్లాడుతున్నాం. వెనక కనిపించేది పానగల్ పార్క్, దాని కింద మెట్రో స్టేషన్ పని నడుస్తోంది. ఇటు పాండీ బజార్, 2019 నవంబర్‌లో వెడల్పాటి ఫుట్‌పాత్‌లు వేసి నడకబాటగా మార్చిన రోడ్డు. ఇలాంటి చోట చుట్టూ గోడ, లోపల మట్టి, వరసగా కార్లు ఉన్న స్థలం ఒకటి కట్టడానికి వచ్చిందనుకోండి. పేటంతా రెండు పార్టీలవుతుంది. "ఐదంతస్తులు చాలు, ఇప్పటికే ఊపిరాడటం లేదు" అని ఒకరు, "ఇంత ఖరీదైన నేల మీద ఐదేమిటి, ఇరవై వెయ్యాలి" అని ఇంకొకరు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి చూస్తున్నవాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. ఇక్కడ మాత్రం కాగితం మీద లెక్క వేస్తే ఇద్దరి మాటా నిలవదు.

చెన్నైలో స్థలాన్ని గ్రౌండ్లలో చెబుతారు, గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు. మన స్థలం పది గ్రౌండ్లు, రోడ్డు వైపు 120 అడుగులు, లోతు 200 అడుగులు. 2019లో వచ్చిన తమిళనాడు ఉమ్మడి భవన నిబంధనల ప్రకారం 18.30 మీటర్ల ఎత్తు వరకు మామూలు భవనం, ఎఫ్‌ఎస్‌ఐ 2, అంటే అన్ని అంతస్తులూ కలిపి నేలకు రెండింతలు కట్టొచ్చు. అంటే 48 వేల చదరపు అడుగులు, స్టిల్ట్ (కింద స్తంభాలే ఉండే ఖాళీ పార్కింగ్ అంతస్తు) మీద ఐదంతస్తుల బొమ్మ ఇక్కడినుంచే వస్తుంది. ఆ గీత దాటితే హైరైజ్, ఎఫ్‌ఎస్‌ఐ 3.25. రోడ్డు 18 మీటర్లు ఆపైన ఉంటే డబ్బు కట్టి దాని మీద ఇంకో 50 శాతం ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ కొనుక్కోవచ్చు. మొత్తం 4.87, సుమారు 1,17,000 అడుగులు. బ్రోకర్లు చెప్పే అంకె ఇదే.

అది ఈ స్థలంలో పట్టదు. హైరైజ్‌కి 30 మీటర్ల ఎత్తు వరకు చుట్టూ 7 మీటర్లు వదలాలి, ఆ తర్వాత ప్రతి 6 మీటర్లకు ఇంకో మీటరు. అంతస్తుకు 3.6 మీటర్లు వేసుకుని, కింద స్టిల్ట్ తీసేసి చూడండి. 30 మీటర్ల భవనంలో ఏడంతస్తులు, ఒక్కోటి 11,400 అడుగులు, మొత్తం 80 వేలు. 36 మీటర్లకు వెళ్తే తొమ్మిదంతస్తులు, 90 వేలకు దగ్గర. 48 మీటర్లకు పన్నెండు అంతస్తులొచ్చినా మొత్తం 88 వేలే. 60 మీటర్లకైతే పదిహేను అంతస్తులు, 75 వేలు! ఎత్తు పెరిగేకొద్దీ భవనాన్ని కిందినుంచే సన్నగా కట్టాలి కాబట్టి. పైగా రెండు మెట్ల దారులు, లిఫ్టులు, షాఫ్టులకు ప్రతి అంతస్తులోనూ నూరు చదరపు మీటర్ల పైనే పోతుంది. 60 మీటర్ల భవనంలో ఒక్కో అంతస్తు 465 చదరపు మీటర్లే, అందులో అది ఐదో వంతుకు పైనే. కాబట్టి ఇరవై అంతస్తుల కోసం గొంతు చించుకునేవాళ్లు అడుగుతున్నది తక్కువ స్థలాన్నే. వద్దనేవాళ్లు భయపడుతున్నదీ ఎక్కువ జనానికి కాదు, ఎత్తుకే.

అలాగని చుట్టూ వదిలే జాగా దండగ అనుకోకండి. ఉస్మాన్ రోడ్డులో 2017 మే 31న ఓ పెద్ద బట్టల షాపు భవనం అంటుకుని, చివరికి కూల్చేయాల్సి వచ్చింది. ఫైరింజను తిరిగే దారి లేని భవనం ఈ సందుల్లో ఎవరికీ అక్కర్లేదు.

నిజంగా ఎక్కువ కట్టాలంటే పక్క స్థలాన్ని కలుపుకోవాలి. అలాంటిదే ఇంకో పది గ్రౌండ్లు చేరితే రెండు స్థలాల మధ్య జాగా వదలక్కర్లేదు. అదే 36 మీటర్ల ఎత్తులో ఒక్కో అంతస్తు 27 వేల అడుగులు దాటుతుంది, 4.87 పూర్తిగా సరిపోతుంది. మర్చిపోకూడనిది ఒకటుంది: స్థలం 3,000 చదరపు మీటర్లు దాటితే ఓఎస్‌ఆర్ (ఊరికి ఖాళీ జాగా వదిలే నిబంధన) కింద 10 శాతం ఇవ్వాలి. 10 వేల మీటర్ల లోపైతే నేలకు బదులు దాని గైడ్‌లైన్ విలువ, అంటే ప్రభుత్వం నిర్ణయించిన ధర, కట్టొచ్చు.

ఇక కార్లు. నేల మీద కారుకు దారితో కలిపి 23 నుంచి 25 చదరపు మీటర్లు పడుతుంది, కాబట్టి ఇప్పుడక్కడ 90 కార్లు నిలుస్తాయి. బేస్‌మెంట్లో ర్యాంపు, స్తంభాలు కలిస్తే కారుకు 32. ఒక బేస్‌మెంటుకు 1,700 మీటర్లు దొరికితే 53 కార్లు. పాత 90 కార్లను దాచడానికే రెండు బేస్‌మెంట్లు కావాలి, కొత్త భవనం కార్లు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఆ రెండు బేస్‌మెంట్లు తవ్వేది చెరువులో. మాంబళం వైపున్న పాత పొడుగు చెరువును ఎండగట్టి 1920ల్లో వేసిన పేట ఇది. వానాకాలం చివర నీళ్లు రెండు మీటర్ల లోతుకే వచ్చి, రాఫ్ట్ (భవనం కింద పరిచే కాంక్రీటు పునాది పలక) అడుగు ఏడు మీటర్ల లోతులో ఉంటే, ఐదు మీటర్ల నీటి ఒత్తిడి ప్రతి చదరపు మీటరునూ ఐదు టన్నులతో పైకి తోస్తుంది. మీటరు మందం కాంక్రీటు బరువు రెండున్నర టన్నులే. పైన తగినన్ని స్లాబులు పడకముందే నీళ్లు తోడే మోటార్లు ఆపితే రాఫ్ట్ లేస్తుంది, పగుళ్లిస్తుంది. భవనం సన్నగా, బేస్‌మెంటు వెడల్పుగా ఉంటే సెట్‌బ్యాకు (చుట్టూ వదిలిన జాగా) కింది భాగం మీద ఎప్పటికీ బరువు పడదు. అక్కడ పైకి లాగే బలానికి తట్టుకునే పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేయాలి. ఎత్తు భవనం ధరలో ఈ ఖర్చు బ్రోషర్‌లో కనిపించదు. తవ్వకం చుట్టూ పైల్స్ మధ్య సందులుంటే నీటితోపాటు ఇసుకా వస్తుంది, పక్కింటి గోడ దిగుతుంది. ఒకదాన్నొకటి కోసుకునేలా వేసే సీకెంట్ పైల్స్ ఖరీదే, కానీ ఇక్కడ వాటిని తగ్గించుకోవడం తెలివి కాదు. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే రెండడుగుల ఎత్తు గట్టు, కరెంటు ప్యానెళ్లు, జనరేటరు నేల పైన. మాంబళం కాలువ పొంగిన ఊరిలో వీటి మీద బేరం ఉండకూడదు.

పజిల్ పార్కింగ్‌తో, అంటే కార్లను పలకల మీద పైకీ పక్కకీ జరిపే యంత్రంతో, సరిపెడతామంటే మూడు ప్రశ్నలు అడగండి. పై పలకల మీద ఎస్‌యూవీ ఎత్తు పడుతుందా? పలక ఎన్ని కిలోలు మోస్తుంది? కరెంటు పోతే ఏ జనరేటరు మీద నడుస్తుంది? బండ్లు పక్కకు జరగాలంటే కింది వరసలో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, దాన్ని కూడా స్లాటుగా లెక్క చూపిస్తే ఒప్పుకోవద్దు.

మా ఓటు 36 మీటర్లకు, ఒకే బేస్‌మెంటుకు, స్టిల్ట్‌లో ఎక్కువ భాగం టూవీలర్లకు. 2.5 బై 5 మీటర్ల కారు గడిలో ఆరు బైకులు పడతాయి. మాంబళం రైల్వే స్టేషన్ నుంచి బస్ టెర్మినస్ దాకా 570 మీటర్ల స్కైవాక్ 2023 నుంచే ఉంది, మెట్రో వస్తోంది. అమెరికాలోని ఆస్టిన్ నగరం 2023లో భవనాలకు కనీస పార్కింగ్ నిబంధనే ఎత్తేసింది. ఇక్కడ అంత దూరం పోనక్కర్లేదు గానీ, పాత 90 కార్లకూ చోటు చూపాలన్న పట్టు వదిలితే రెండో బేస్‌మెంటు ఖర్చు మిగులుతుంది.