బెయిల్ వచ్చింది, మనిషి ఇంకా రాలేదు

యాంకర్: నమస్కారం. ఇంట్లో మనిషిని రిమాండ్‌కి, అంటే కేసు నడుస్తుండగా కోర్టు ఆదేశంతో జైలుకి పంపిస్తే ఆ కుటుంబం ఏం చేయాలి, ఎక్కడికి వెళ్లాలి? ఈ రోజు చర్చ దాని గురించే. మనతో ముగ్గురు ఉన్నారు. జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే లాయర్ మేడమ్, సబ్ జైళ్లలోనూ సెంట్రల్ జైల్లోనూ పనిచేసి రిటైరైన జైలర్ గారు, తమ్ముడి కోసం నెలన్నర పాటు సబ్ జైలుకీ కోర్టుకీ తిరిగిన ఒక అక్క. ఆమె కోరిక మేరకు పేరు, ఊరు చెప్పడం లేదు. అక్కా, మొదటి రోజు ఏం జరిగింది?

అక్క: మొదటి రోజంటే నాకు క్యారియరే గుర్తొస్తుందమ్మా. ముందురోజు సాయంత్రం కోర్టులో రిమాండ్ అన్నారు. రిమాండ్ అంటే కొడతారేమో అనుకున్నాను. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే లేచి అన్నం, ముద్దపప్పు, వాడికి ఇష్టమని వంకాయ కూర చేసి క్యారియర్ కట్టుకుని వెళ్లాను. గేటు దగ్గరున్న ఆయన "బయటి అన్నం లోపలికి రాదమ్మా, ఈ రోజు ములాఖత్ కూడా లేదు" అన్నాడు. అంటే వాణ్ని చూడ్డానికీ వీల్లేదన్నమాట. పక్కనే వేపచెట్టు ఉంది. దాని కింద మధ్యాహ్నం దాకా కూచున్నాను. ఆ క్యారియర్ మూత కూడా తీయకుండా ఇంటికి తెచ్చాను.

జైలర్: అమ్మా, ఆ గేటు దగ్గర నేనూ ఏళ్ల తరబడి అదే మాట చెప్పాను. ఆ అన్నం తిని లోపల ఎవరికైనా ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి? అందుకే ఇంటి భోజనానికి మామూలుగా కోర్టు అనుమతి అడుగుతారు. కానీ ఏం తేవచ్చో, ఎప్పుడు రావచ్చో కూడా ఆ పూటే చెప్పి పంపాలి. మా వాళ్లు చాలాసార్లు చెప్పరు. అది తప్పే.

యాంకర్: ఇప్పుడు చెప్పండి సార్. ఏం తేవచ్చు?

జైలర్: రిమాండ్ ఖైదీకి సొంత బట్టలు వేసుకునే హక్కు ఉంది. రెండు జతలు, ఒక తువ్వాలు, ఒక దుప్పటి. డబ్బు అతని పేరు మీద ఆఫీసులో జమ చేసి రశీదు తీసుకోవాలి. ఆ డబ్బుతో లోపల క్యాంటీన్‌లో సబ్బు, పేస్టు, బిస్కెట్లు కొనుక్కుంటాడు. నోట్లు చేతికి అందించాలని మాత్రం చూడొద్దు, దొరికితే అతని మీదే ఇంకో గొడవ. ములాఖత్‌కి వచ్చేవాళ్లు ఆధార్ తెచ్చుకోవాలి. రోజులు, వేళలు గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి. ఇవన్నీ ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆలస్యం కాకూడనిది మందుల సంగతి.

యాంకర్: అంటే?

జైలర్: షుగరు, బీపీ, ఫిట్స్, మానసిక సమస్య, ఏది ఉన్నా మొదటి రోజే డాక్టర్ చీటీతో సహా జైలు డాక్టరుకి చేర్చాలి. మాత్రలు ఖైదీ చేతికి ఇవ్వరు, డాక్టరు ద్వారానే వెళ్తాయి. ఇంకోటి, కుటుంబాలు పరువు కోసం దాచిపెట్టేది. రోజూ తాగే మనిషి అయితే ఆ మాట చెప్పి తీరాలి. మన తెలంగాణలో కల్తీ కల్లు అలవాటున్న వాళ్లు లోపలికి వచ్చిన రెండో రోజో మూడో రోజో చేతులు వణికిపోయి, ఏదేదో మాట్లాడుతూ, ఫిట్స్ వచ్చి పడిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం లాంటివి కలుపుతారు. ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలిస్తే డాక్టరు మందు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. "మావాడు అప్పుడప్పుడూ తాగుతాడండీ" అని సర్దిచెప్పకండి. రోజుకి ఎన్ని సీసాలో చెప్పండి.

యాంకర్: అక్కా, తమ్ముణ్ని మొదటిసారి ఎప్పుడు చూశారు?

అక్క: నాలుగో రోజు. ఇటు మేము, అటు వాళ్లు, మధ్యలో జాలీ. ఇటు పక్క పది మందిమి ఒకేసారి అరుస్తున్నాం. మా పక్కన ఒక ముసలాయన వాళ్లబ్బాయితో ఏదో పొలం సంగతి మాట్లాడుతున్నాడు, ఆయన మాటలే నాకు బాగా వినిపించాయి. నేను ఏడుపు తప్ప ఏం మాట్లాడలేదు. వాడు "ఏడవకే" అన్నాడు, టైం అయిపోయింది. బస్సులో వస్తూ అనుకున్నాను, వాడు నన్ను ఓదార్చడానికా నేను వెళ్లింది అని. రెండోసారి ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని వెళ్లాను. వాడు ముందుగా అడిగింది ఏంటో తెలుసా? గేదె ఈనిందా అని. ఈనింది, పెయ్య దూడ అన్నాను. నవ్వాడు. లోపలికి వెళ్లాక మొదటిసారి.

జైలర్: ఆ గేదె మాట చిన్నదనుకోకండి. ములాఖత్ రోజు పేర్లు పిలుస్తుంటే బ్యారక్ మొత్తం చెవులు రిక్కించి వింటుంది. పేరు రాని వాళ్లు గోడవైపు తిరిగి పడుకుంటారు. రెండు మూడు వారాలు ఎవరూ రాకపోతే అన్నం సగంలో వదిలేస్తారు. మేము అలాంటి వాళ్లమీద కన్నేసి ఉంచేవాళ్లం, రాత్రి డ్యూటీ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పేవాళ్లం. కుటుంబానికి కోపం ఉంటుంది, నిజమే. తప్పు చేశాడనే అనుకుంటున్నా సరే, ఒక్కరన్నా వెళ్లి కనిపించండి. దూరమైతే ఈ-ములాఖత్ ఉంది, జాతీయ ప్రిజన్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, వీడియోలో మాట్లాడొచ్చు.

లాయర్: ఒక జాగ్రత్త చెప్పాలి. ములాఖత్‌లో కేసు గురించి మాట్లాడకండి. అక్కడ సిబ్బంది ఉంటారు, ఉత్తరాలూ చదివే పంపిస్తారు. కేసు మాట లాయర్‌తోనే. లాయర్ మాట్లాడేటప్పుడు సిబ్బందికి కనపడేంత దూరంలో ఉంటాం కానీ మాట వినపడకూడదు, అది నియమం.

యాంకర్: లాయర్‌ని పెట్టుకునే స్థోమత లేకపోతే మేడమ్?

లాయర్: 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత లాయర్ వస్తారు. ఆదాయంతో పని లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100 కి ఫోన్ చేసినా సరే. ఉచితం కదా, సరిగా చూడరేమో అని చాలామంది వెళ్లరు. వెళ్లకుండా గేటు బయట తిరిగే బ్రోకర్‌కి అప్పు చేసి డబ్బు ఇస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

యాంకర్: కుటుంబం దగ్గర ఏ కాగితాలు ఉండాలి?

లాయర్: ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, సెక్షన్లు, అరెస్టు తేదీ, మొదటిసారి రిమాండ్ చేసిన తేదీ, లోపల ఇచ్చిన యూటీ నంబరు, అంటే విచారణ ఖైదీ నంబరు. వీటిని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణ సమయం కాకుండా, మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అరెస్టుకి కారణాలు చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలియజేయాలి. రిమాండ్ తేదీ ఎందుకంటే అక్కణ్నుంచి రోజులు లెక్కపెట్టుకోవాలి. పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగతా వాటిలో 60 రోజులు దాటినా ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అడగాలి, ఛార్జిషీటు పడేలోపే అడగాలి. ఆ రోజు దాటిపోయి నా దగ్గరికి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి.

యాంకర్: ఏళ్ల తరబడి విచారణలోనే ఉండిపోయే వాళ్లు?

లాయర్: 2022 డిసెంబరు చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలు ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపితే, అదే మొదటి కేసైతే మూడో వంతు గడిపితే, విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా చిక్కే. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే, అయినా ఇంటివాళ్లు లెక్క చూసుకుని గుర్తు చేయడం మంచిది.

యాంకర్: అక్కా, మీ తమ్ముడికి బెయిల్ ఎన్నాళ్లకు వచ్చింది?

అక్క: బెయిల్ ముప్పై మూడో రోజుకే వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం. వాడు మాత్రం పదకొండు రోజుల తర్వాత వచ్చాడు.

యాంకర్: మధ్యలో ఏమైంది?

అక్క: షూరిటీలు, అంటే వాడికి పూచీ పడే మనుషులు, దొరకలేదు. ఇద్దరు కావాలన్నారు, ఆస్తి కాగితాలతో. మా మామయ్య పాస్‌బుక్ పంట రుణానికి బ్యాంకులో ఉంది. మా నాన్న ఎవరికైతే పెళ్లికి సాయం చేశాడో వాళ్లింటికి వెళ్లాను. కూచోబెట్టి టీ ఇచ్చారు. "కోర్టు మెట్లు ఎక్కలేమమ్మా" అన్నారు. చివరికి పాలకేంద్రం దగ్గర పనిచేసే ఆయన, మాకు చుట్టం కూడా కాదు, ఇంటి పన్ను రశీదు తీసుకుని తనే బస్సెక్కాడు. రెండో మనిషి కోసం ఇంకో ఆరు రోజులు పట్టింది.

లాయర్: ఈ పదకొండు రోజులకి ఏ చట్టమూ కారణం కాదు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. పదివేల షూరిటీ అడిగి, అన్న వేరే జిల్లా వాడని అతని షూరిటీ కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఒక మలయాళీనో తెలుగువాణ్నో దూర ప్రాంతంలో అరెస్టు చేస్తే స్థానిక షూరిటీ ఎక్కణ్నుంచి తెస్తాడు అని అడిగారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీదే అతన్ని వదలమన్నారు కూడా. మళ్లీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది: బెయిల్ ఆర్డర్ ఈమెయిల్‌లో జైలుకి పంపాలి, ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే న్యాయ సేవాధికార సంస్థకి తెలపాలి, షూరిటీల కోసం కావాలంటే తాత్కాలిక బెయిల్ ఇవ్వొచ్చు, షరతు తగ్గించమని అడగొచ్చు. అక్క వాళ్ల లాయర్ ఒక్క పిటిషన్ వేసి ఉంటే ఆ పదకొండు రోజులు తగ్గేవి.

జైలర్: మేడమ్, జైలు వైపు నుంచీ ఒక మాట. ఆర్డర్ సాయంత్రం లాకప్ వేళ, అంటే ఖైదీల్ని బ్యారక్‌లలో పెట్టి తాళం వేసే వేళ, దాటాక వస్తే మనిషి మర్నాడే బయటికి వస్తాడు. ఆర్డర్‌లో తండ్రి పేరులో అక్షరం తేడా ఉన్నా ఆగిపోతుంది. కోర్టులోనే పేరు, క్రైం నంబరు ఒక్కసారి చదివి చూసుకోండి.

లాయర్: అక్షరం తేడాకి మనిషిని ఒక రాత్రి ఎక్కువ ఉంచడం నాకు ఒప్పుకోదగ్గదిగా లేదు సార్. ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా.

జైలర్: కనుక్కోవాలి. మీరన్నది నిజం.

యాంకర్: కువైట్ నుంచి ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి అన్నా.

కాలర్: మాది కడప జిల్లా. మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు. ఒకాయన ఎనభై వేలు పంపితే రెండు రోజుల్లో బయటికి తెస్తానంటున్నాడు. పంపమంటారా?

లాయర్: పంపొద్దు అన్నా. బెయిల్ ఇచ్చేది జడ్జి ఒక్కరే. మీ ఇంట్లో ఎవరున్నారు?

కాలర్: అమ్మ, మరదలు.

లాయర్: మరదల్ని రేపు పొద్దున న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లమనండి. ఎఫ్ఐఆర్ కాపీ పోలీసు వెబ్‌సైట్‌లో ఉందేమో మీరు అక్కడినుంచే చూడండి. సున్నితమైన కేసులవి తప్ప మిగతావి పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. షూరిటీ డబ్బు కట్టలేని పేద ఖైదీలకి 2023 నుంచి కేంద్ర పథకం ఒకటి ఉంది, దాని గురించీ అదే ఆఫీసులో అడగమనండి.

కాలర్: సరే మేడమ్. అమ్మ అన్నం తినట్లేదు, అదే టెన్షన్.

అక్క: అన్నా, అమ్మని ములాఖత్‌కి తీసుకెళ్లమను. వాణ్ని కళ్లతో చూస్తే తింటుంది. మా అమ్మా అంతే.

యాంకర్: అక్కా, ఇంట్లో పిల్లలు ఉన్నారా?

అక్క: తమ్ముడి కొడుకు, ఏడేళ్లు. నాన్న పనికి హైదరాబాద్ వెళ్లాడని చెప్పాం. బళ్లో ఎవరో పిల్లవాడు అనేశాడు. ఇంటికొచ్చి నన్నేం అడగలేదు, రాత్రి నా పక్కన పడుకుని "నాన్నకి అక్కడ దుప్పటి ఇచ్చారా?" అన్నాడు. ఆ మర్నాడే చెప్పేశాం. ఇచ్చారని, నేనే ఇచ్చి వచ్చానని.

యాంకర్: (కాసేపు ఆగి) ఇప్పుడు తమ్ముడు ఎలా ఉన్నాడు?

అక్క: పని చేసుకుంటున్నాడు. రాత్రి తలుపు గడియ వేస్తే నిద్ర పట్టదంటాడు, తీసే పడుకుంటున్నాం.

లాయర్: బెయిల్ షరతులు ఉన్నాయా అక్కా? స్టేషన్‌లో సంతకం?

అక్క: ప్రతి సోమవారం సంతకం. వాయిదాలకి వెళ్లాలి.

లాయర్: ఒక్క వాయిదా తప్పినా వారెంట్ వస్తుంది, షూరిటీ ఇచ్చిన ఆ పాలకేంద్రం ఆయనకి నోటీసు వెళ్తుంది.

అక్క: తెలుసమ్మా. వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టి పెట్టాను. ఎల్లుండి వాయిదా ఉంది. ఆరింటి బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం, క్యారియర్ కట్టుకుని.